గార్డు లేని బండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగటిపూట ఎవరూ మాట్లాడకూడదు. మా నాన్నకి రైల్వేలో రాత్రి డ్యూటీ. తెల్లారాక వచ్చి, గిన్నెడు చద్దన్నం తిని, ముఖం మీద తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు. క్వార్టరు అంటే ఒకే గది, వెనకాల పొయ్యికి ఇంత చోటు. చెంచా జారి కింద పడితే మా అమ్మ నా వైపు ఒక చూపు చూసేది. ఆ చూపు పుణ్యమా అని ఇప్పటికీ నా చేతిలోంచి చెంచా జారదు. అందుకని బడి లేని రోజుల్లో నా చోటు వీధే. రాయపూర్ ఎండాకాలంలో వీధిలో ఉండడమంటే పెనం మీద కూర్చోవడమే. గుఢియారీ వైపు పట్టాల పక్కన ఉండే మా క్వార్టర్లకి చెట్ల నీడ లేదు. గోడ నీడ కాస్త ఉండేది గానీ, అందులో అప్పటికే కుక్కలు పడుకుని ఉండేవి.

అలా తిరిగి తిరిగి నేను తెలుగు సంఘం గదిలో చేరాను. చదువు మీద ఇష్టంతో అనుకునేరు, కాదు. ఆ గదిలో ఫ్యాను ఉండేది.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మావాళ్ళు కలిసి వేసుకున్న గది అది. అందులో ఒక బెంచీ, ఒక రాముడి పటం, ఒక ఇనప బీరువా. బీరువా నిండా తెలుగు పుస్తకాలు. ఒకప్పుడు వాటిలో కళ్ళనీళ్ళు పెట్టించే సంసారం నవలలు కూడా ఉండేవట. వాటిని తీసుకెళ్ళిన ఆడవాళ్ళు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఎవరూ ముట్టుకోనివి మిగిలాయి. ఎప్పుడో ఇక్కడ పనిచేసిన ఒక స్టేషన్ మాస్టరు తనకోసం తెప్పించుకుని, రిటైరై వెళ్తూ మోయలేక వదిలేసిన సైన్సు నవలలు. అట్టల మీద చుక్కలు, గుండ్రటి ఓడలు, గాజు బుర్రలు తగిలించుకున్న మనుషులు. మా కాలనీలో వాటిని ఆకాశం పుస్తకాలు అనేవాళ్ళు.

ఆ బీరువా తాళంచెవి మా పక్కింటి అక్క దగ్గర ఉండేది. ఆమె ఆస్పత్రిలో నర్సు. నరసాపురం వైపు క్రైస్తవుల పిల్ల, ఉద్యోగానికి వచ్చి ఒక్కతే ఉండేది. పెద్దవాళ్ళు సిస్టరమ్మా అని పిలిచేవాళ్ళు. తాళంచెవి ఆమెకే ఎందుకు ఇచ్చారంటే, బీరువాలో బల్లులున్నాయి, ఆమెకి బల్లి అంటే భయం లేదు. అంతకు మించిన అర్హత ఎవరూ చూడలేదు.

అక్క డ్యూటీ దిగి వచ్చి, మధ్యాహ్నాలు ఆ ఫ్యాను కింద కూర్చుని నాకు చదివి వినిపించేది. నాకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. మా కాలనీ పిల్లలందరిదీ అదే వరస. బడి హిందీ, ఆటలు ఛత్తీస్‌గఢీ, తిట్లు మాత్రం తెలుగు.

అప్పుడప్పుడే మా రాష్ట్రం కొత్తగా పుట్టింది. ఒక రాత్రి మధ్యప్రదేశ్‌లో పడుకున్నాం, పొద్దున్న ఛత్తీస్‌గఢ్‌లో లేచాం. మా అమ్మ గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసి, "మంచం ఇక్కడే ఉన్నాది, నానూ ఇక్కడే ఉన్నాను, మరి ఆ రాష్ట్రం ఎటు పోనాది" అని అడిగింది. అక్క అది విని చాలా సంతోషపడింది. ఆ నవలలు రాసేవాళ్ళు చేసేది కూడా ఇదేనట. లోకాన్నంతా ఉన్నచోటే ఉంచి ఒక్క సంగతి మార్చేస్తారట. ఆ తర్వాత మనుషులు ఏం చేస్తారో కూర్చుని చూస్తారట. సైన్సు నవల అంటే ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే ఇప్పటికీ మా అమ్మ మాటే చెబుతాను.

మేమలా చల్లగా కూర్చుని చుక్కల మధ్య తిరుగుతుండగా గార్డు తాత వల్ల ఆపద వచ్చింది. ఆయన గూడ్సు బళ్ళకి గార్డుగా చేసి రిటైరైన మనిషి, సంఘానికి సెక్రటరీ. శ్రీరామనవమికి వందలమందికి వండే గుండిగలూ గంగాళాలూ ఏడాది పొడుగునా ఆయన వరండాలోనే ఉండేవి. ఆయన ఇంటావిడ, మా అందరికీ మామ్మ, వాటి మధ్య నుంచి పక్కకి తిరిగి నడుస్తూ, పుట్టింటి నుంచి తెచ్చుకున్న మంచం వేసుకోవడానికి చోటు లేక, రోజూ ఆయన్ని తిట్టేది. పాపం ఆయన మాత్రం ఎన్నాళ్ళు పడతాడు. నవమి అయ్యాక జరిగే సభలో తీర్మానం పెడతానన్నాడు. ఎవరూ చదవని పుస్తకాలు పాతసామాన్లు కొనే కబాడీవాడికి పోతాయి, గుండిగలు బీరువాలోకి వస్తాయి, గదికి తాళం పడుతుంది.

గదికి తాళం అంటే నాకు మళ్ళీ వీధి, కుక్కలు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి. మేము అప్పుడు ఒక పెద్ద నవల మధ్యలో ఉన్నాం. నక్షత్రం దాకా వెళ్ళే ఓడ కథ. నాకు ఓడ తెలియదు గనక అక్క దాన్ని బండి అని చదివేది. ఆ బండి ఎక్కినవాళ్ళు ఎవరూ దిగరు. ప్రయాణం రెండొందల ఏళ్ళు. దారిలోనే పిల్లలు పుడతారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు, ముసలివాళ్ళై పోతారు. వాళ్ళ మనవల మనవలు దిగుతారు. మధ్యలో పుట్టినవాళ్ళు ఎక్కిన స్టేషను చూడలేదు, దిగే స్టేషను చూస్తారో లేదో తెలియదు. కథంతా అలా మధ్యలో పుట్టిన ఒక పిల్ల గురించి.

నాకు ఆ పిల్ల బాగా తెలిసినట్టు ఉండేది. మా కాలనీలో ఏ పెద్దావిడ కనబడినా "మీది ఏ ఊరే" అని అడిగేది. రాయపూర్ అంటే ఒప్పుకోరు. పలాస పక్కన మా తాత పుట్టిన పల్లె పేరు చెప్పాలి. ఆ పల్లె నేను చూడలేదు, మా నాన్న కూడా సరిగ్గా చూడలేదు. "ఆ బండిలో పుట్టిన పిల్లని నీది ఏ ఊరని అడిగితే ఏం చెబుతుందక్కా" అన్నాను. అది ఆఖర్న ఉందంది అక్క. ఇంకా రెండు భాగాలు మిగిలి ఉన్నాయి.

అక్క మర్నాటి నుంచి కుళాయి దగ్గర పని మొదలుపెట్టింది. మా కాలనీకి పొద్దున్న ఒక్కసారే నీళ్ళు వచ్చేవి. వరసలో మనుషులు నిలబడరు, బక్కెట్లు నిలబడతాయి. ఆడవాళ్ళు గోడ మీద కూర్చుని లోకం సంగతి చూసుకుంటారు. అక్క తెల్లచీరలోనే వచ్చి వాళ్ళ పక్కన కూర్చునేది. పుస్తకం చదవండి అని ఒక్కసారీ అనలేదు. ఆస్పత్రిలో అడిగినట్టు ముందు ఒంట్లో ఎలా ఉందని అడిగేది. మొదట దొరికింది మా అమ్మ.

"నిద్ర పడుతోందాండి?"

"పడుకుంటే కదా పట్టడానికి. ఆయన పగలు పడుకుంటాడు, పిల్లలు రాత్రి పడుకుంటారు. నాను మధ్యన కాపలా."

"అయితే మీకో పుస్తకం ఉందండి. అందులో ఒక బిళ్ళ కనిపెడతారు. వేసుకుంటే ఇక జన్మలో నిద్ర అక్కర్లేదు."

"ఎవులికీనా? మా ఇంటాయనికి కూడానా?"

"ఎవరికీ అక్కర్లేదు."

మా అమ్మ బక్కెట్టు ముందుకు జరిపింది. "అయితే రాత్రి రెండింటికి ఆకలేస్తే వంట ఎవులు చేస్తారు?"

"నవలంతా అదేనండి" అంది అక్క.

నిద్ర లేని లోకంలో నాలుగో పూట వంట అందరికీ కళ్ళకి కట్టింది. సెలవు రోజు అన్నది లేకుండా రైల్వేవాళ్ళు డ్యూటీ ఎలా వేస్తారో కూడా ఎవరో లెక్క కట్టారు. మా అమ్మ సాయంత్రం వచ్చి ఆ పుస్తకం కొంగులో దాచుకుని తీసుకెళ్ళింది.

తర్వాత గ్యాంగ్‌మాన్ భార్య, మేము అత్తా అని పిలిచేవాళ్ళం, ఆమె వంతు. ఆమెకి అక్క చెప్పిన నవలలో ఒక యంత్రం ఉంటుంది. ఒక మనిషి లోపలికి వెళ్తే ఇద్దరు బయటికి వస్తారు. అదే ముఖం, అదే మచ్చ, అదే గురక. పెళ్ళినాటి సంగతులు ఇద్దరికీ జ్ఞాపకమే. ఇద్దరూ ఒకే గుమ్మం ముందుకు వచ్చి నిలబడి ఇది నా ఇల్లు అంటారు. పెళ్ళాం ఎవరికి తలుపు తియ్యాలి అన్నది కథ.

"ఒకడు డ్యూటీకి, ఒకడు బజారుకి. ఇందులో ఏటి కష్టం" అంది అత్త.

"మరి రైల్వే పాసు ఎంతమందికి ఇస్తారే" అంది ఇంకో ఆవిడ. "ఒకడు పోతే పింఛను ఎలగ? ఇంకోడు ఇంట్లో కూకుని టీ తాగుతుంటే ఆఫీసోళ్ళు ఒప్పుకుంటారేటి?"

"అది సరే గానీ సిస్టరమ్మా, ఆ రెండో ఆయనికి కూడా తాగుడు ఉంటాదా?" అంది అత్త.

"ఉంటుందండి. మక్కీకి మక్కీ అదే మనిషి కదా."

"అయితే ఒద్దు. ఉన్నోడే చాలు."

ఇంత తేలికగా నవ్వుతూ మొదలైన మాట, మొదటివాడు నిజమా రెండోవాడు నిజమా అన్న దగ్గర పట్టుదలకి పోయింది. మనిషంటే ఒళ్ళా, జ్ఞాపకాలా అని అక్క ఒక్క మాట వేసి ఊరుకుంది. గోడ రెండు పార్టీలైపోయింది. ఆ గొడవలో కుళాయి వచ్చింది, పారింది, ఆగిపోయింది. బక్కెట్లు వరసలో నిలబడి ఉన్నాయి, ఒక్కదాంట్లో చుక్క లేదు. ఆ రోజు కాలనీ అంతా బోరింగు ఉప్పునీళ్ళతో పప్పు వండుకుంది. మగవాళ్ళు అన్నం దగ్గర ముఖాలు చిట్లిస్తే, వాళ్ళ పెళ్ళాలు వాళ్ళని కిందనించి పైదాకా చూసి, ఇలాంటివాళ్ళు ఇద్దరుంటే ఎలాగా అన్నట్టు నిట్టూర్చారు.

అలా పుస్తకాలు ఒక్కొక్కటే బీరువా దిగాయి. ఆకాశం నుంచి ఎవరో పలకరిస్తే భూమి తరఫున జవాబు ఎవరు ఇవ్వాలి అన్న నవల ఒకటుంది. దాన్ని పాలబూతు దగ్గర ఉండే మాస్టారు తీసుకున్నాడు. జవాబు హిందీలోనా తెలుగులోనా అని ఆయన ఇంట్లో తండ్రీకొడుకులు రెండు రోజులు మాట్లాడుకోలేదు.

గార్డు తాత మాత్రం చలించలేదు. "ఆడోళ్ళు తీసుకెళ్తే లెక్కలోకి రాదు, పొయ్యి దగ్గర మసిగుడ్డగా పెట్టుకోడానికి తీసుకెళ్తారు" అన్నాడు. సభలో చెయ్యెత్తేది మగవాళ్ళే, వాళ్ళందరూ ఆయన చెయ్యి చూసి ఎత్తుతారు. అంటే ఆయన ఒక్కడూ మారాలి, ఆయన మారడు.

సభ దగ్గరపడ్డాక ఆయన టేపు పట్టుకుని గదికి వచ్చాడు. అరల్లో గుండిగలు పడతాయో లేదో కొలుస్తున్నాడు. అక్క చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తలేదు. నాతో అంటున్నట్టుగా అంది.

"అన్నీ బాగున్నాయి గానీ, ఈ బండికి గార్డు లేడే. అదొక్కటే లోటు."

టేపు ఆగింది.

"ఏ బండికి?" అన్నాడు తాత.

"ఏం లేదండి. నక్షత్రానికి వెళ్ళే బండి. రెండొందల ఏళ్ళ ప్రయాణం. డ్రైవరున్నాడు, డాక్టరున్నాడు, వంటవాళ్ళున్నారు. గార్డే లేడు."

"గార్డు లేకుండా రెండొందల ఏళ్ళు నడిపీసినాడా?"

"నవలే కదండి."

"నవలైతే? వెనక బోగీ తెగిపోతే ఎవులు చూస్తారు? సిగ్నలు ఎవులిస్తారు? పాగల్‌గాడెవడో రాసినట్టున్నాడు."

నేను నోరు తెరిచాను. ఎందుకంటే ఆ బండికి గార్డు ఉంది. ఆ బండి తోకలో ఒక ముసలావిడ కూర్చుని ఉండడం మేము చదివి అప్పటికి వారమైంది. చాలా మంచి భాగం అది, అక్క రెండుసార్లు చదివింది. నేను నోరు తెరిచిన వెంటనే అక్క అందులో బిస్కెట్టు పెట్టింది. గ్లూకోజు బిస్కెట్టు, పూర్తిగా ఒకటి. అది నమిలి మింగేలోపల తాత మాట్లాడేశాడు.

"ఇలాగియ్యి ఆ పుస్తకం. సంఘంలో ఎలాంటి ఫాల్తూ పుస్తకాలున్నాయో సభలో చూపించాలి."

టేపు బెంచీ మీద మర్చిపోయి, పుస్తకం పట్టుకుని వెళ్ళిపోయాడు. దాంతోపాటు నా రెండు భాగాలూ పోయాయి.

నేను ఏడ్చాను. పెద్దాయనకి అబద్ధం చెప్పింది, పైగా నా పుస్తకం ఇచ్చేసింది. అక్క నా ముక్కు తుడిచి, అబద్ధం సంగతి ఆదివారం చర్చిలో చూసుకుంటానంది. తర్వాత నా జన్మలో మరిచిపోలేని మాట ఒకటి చెప్పింది. పుస్తకం బాగుంటుంది చదవండి అంటే ఎవరూ చదవరట. ప్రతి మనిషికీ ఒంటి మీద ఎక్కడో ఒక చోట దురద ఉంటుంది, అది ఎక్కడో కనిపెట్టి, అక్కడ వేలు తగిలించి, ఇక మాట్లాడకుండా వచ్చెయ్యాలట. గోక్కునే పని వాళ్ళదేనట.

తాత చదవడం కాలనీ అంతా చూసింది. వరండాలో గుండిగల మధ్య బోర్లించిన గంగాళం మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, పక్కన పెన్సిలు పెట్టుకుని చదివేవాడు. పాలకి వెళ్తే పుస్తకం చంకలో ఉండేది. "డ్యూటీ ఉన్నన్నాళ్ళూ ఊళ్ళు తిరిగి కనపళ్ళేదు, ఇప్పుడు ఇంట్లో ఉండి కనపడ్డం లేదు" అని మామ్మ అరిచేది. నేను రోజూ వెళ్ళి ఆ వరండా మెట్టు దగ్గర నిలబడేదాన్ని.

"ఏటే, ఏటి కావాలి?"

"ఆ పిల్ల దిగిందా తాతా?"

"ఏ పిల్ల? నాకు పిల్లతో పని లేదు. నాను గార్డు కోసం చూస్తన్నాను."

సభ రోజు వచ్చింది. మగవాళ్ళు జంపఖానా మీద, ఆడవాళ్ళు గుమ్మం దగ్గర. బయట కబాడీవాడి రిక్షా కూడా వచ్చి నిలబడింది, ఎవరో ముందే కబురు పెట్టారు. నేను అక్క పక్కన నిలబడి ఆ రిక్షా వైపు చూడకుండా ఉండడానికి రాముడి పటం వైపు చూశాను. తాత లేచాడు. చేతిలో పుస్తకం ఉంది, దాన్నిండా కాగితం ముక్కలు పెట్టి ఉన్నాయి. అందరూ తీర్మానం కోసం చూస్తున్నారు. ఆయన ఆ బండిలో డ్రైవర్లు ఒకరికొకరు చార్జి ఇచ్చుకునే పద్ధతిలో ఎన్ని తప్పులున్నాయో చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. రైల్వేవాళ్ళు గనక అందరూ విన్నారు, ఇద్దరు ముగ్గురు అడ్డు ప్రశ్నలు కూడా వేశారు. ఆ తర్వాత ఆయన గొంతు మారింది.

"గార్డు లేడన్నారు. అబద్ధం. ఉన్నాది. ఆడమనిషి. తోకన ఒక్కర్తీ కూకుంటాది. రోజూ సాయంత్రం ఎర్రలైటు ఎలిగిస్తాది. వెనకాల ఇంకో బండి లేదు, రాదు. ఎవులూ చూడరు. అయినా ఎలిగిస్తాది."

"డ్యూటీ కదా" అన్నారు ఎవరో.

"డ్యూటీ అయితే ఇనిస్పెక్షను ఉంటాది. ఆవిడకి ఇనిస్పెక్షను లేదు. వెనక ఎవులో వస్తన్నారని ఆవిడ నమ్మకం. నాను అన్నేళ్ళు ఎర్రలైటు పెట్టినాను. ఏలరా పెడతన్నావని నన్నెవులూ అడగలేదు, నానూ అడుక్కోలేదు. ఈ పుస్తకం అడిగినాది."

తాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, అక్క వైపు తిరిగాడు.

"సిస్టరమ్మా, నువ్వు పుస్తకం సరిగ్గా చదవలేదు. తాళంచెవి ఉన్న మనిషి ఇలగేనా చెప్పడం?"

"పొరపాటైపోయిందండి. మీరు చూశారు కాబట్టి సరిపోయింది" అంది అక్క, తల వంచుకుని, నా కాలు మీద తన చెప్పు కాలు గట్టిగా నొక్కి పెట్టి. ఆ కాలు పెట్టకపోతే నేను నవ్వేదాన్ని. ఇంకాస్త నొక్కి ఉంటే అరిచేదాన్ని.

"పుస్తకాలు ఉంటాయి. గుండిగలు మా వరండాలోనే ఉంటాయి" అన్నాడు తాత. చేతులన్నీ లేచాయి.

"ఎవులి వరండాలో?" అని గుమ్మం దగ్గర నుంచి మామ్మ గొంతు వినిపించింది. లేచిన చేతులు మెల్లగా దిగాయి. ఆఖరికి పై అరల్లో పుస్తకాలు, కింది అరల్లో గుండిగలు అని తేలింది, గంగాళాలు మాత్రం బీరువాలో పట్టక తాతకే మిగిలాయి. కబాడీవాడు ఒక ప్రసాదం పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏటి నుంచి మా సంఘం నవలలకి సాంబారు వాసన.

ఇక్కడితో నా కష్టం తీరిందనుకున్నాను. తాత పుస్తకం తిరిగిచ్చేసరికి అక్కకి వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్ళే ముందు ఒక భాగం చదివింది, ఆఖరిది చదవలేదు. బతిమాలాను, అలిగాను, ఆమె పెట్టె మీద ఎక్కి కూర్చున్నాను. పుస్తకం నా చేతిలో పెట్టి, ఆఖరిది నువ్వే చదువుకో అని వెళ్ళిపోయింది. అక్షరం రాని పిల్లకి పుస్తకం ఇచ్చి వెళ్ళే మనిషిని ఏమనాలి. నా దురద ఎక్కడుందో ఆమెకి తెలుసు. వేలు తగిలించి వెళ్ళిపోయింది.

తాతే నాకు అక్షరాలు నేర్పాడు. పలక లేదు. బోర్లించిన గంగాళం అడుగున మసి ఉంటుంది కదా, దాని మీద సుద్దముక్కతో రాయించేవాడు. అ ఆ లు ఒక గంగాళం, గుణింతాలు ఒక గంగాళం. వత్తులు వచ్చేసరికి వానలు పడ్డాయి. నా చేతులు, గౌను, ముఖం అంతా మసి. మా అమ్మ నన్ను చూసి, అక్షరాలు నేర్చుకుంటున్నానో బొగ్గు ఇంజను తోలుతున్నానో అర్థం కావడం లేదనేది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఆ ఆఖరి భాగం చదివాను. ఆఖరి పేజీలో బండి ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడుతుంది. బయట నుంచి ఎవరో ఆమెని ఒక ప్రశ్న అడుగుతారు. పుస్తకం అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాను తాతతో. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఇంత మసి పూసుకున్నది దీనికా.

"నానూ అదే అన్నాను" అన్నాడు తాత. "దిగిందంటావా?"

దిగిందని నేను, దిగదని ఆయన. బండిలో పుట్టినదానికి నేల మీద కాళ్ళు నిలవవన్నాడు. వానాకాలం అంతా కొట్టుకున్నాం. మొదట వాదన గెలవడానికి, తర్వాత వాదన కోసమే వెళ్ళేదాన్ని.

నేను బళ్ళో ఎక్కువ చదువుకోలేదు. పెళ్ళైంది, పిల్ల పుట్టింది. మా ఆయన స్టేషన్లో పార్సిళ్ళు ఎత్తేవాడు. తెలుగు అక్షరం ముఖం చూసిన మనిషి కాదు. ఆయన జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, పొద్దుపోక ఏదైనా చెప్పవే అనేవాడు. నిద్ర లేని బిళ్ళ చెప్పాను, ఇద్దరైపోయిన మనిషి కథ చెప్పాను. "ఇంకోడు ఉంటే ఈ మంచం మీద ఆడిని పడుకోబెట్టి ఇంటికి పోదును" అని నవ్వాడు. నక్షత్రం బండి కథ చెబుతూ చెబుతూ, ఆఖరుకి వచ్చేసరికి అలవాటు కొద్దీ ఆగిపోయాను. ఎవరికీ ఆఖరు చెప్పను కదా, మిగతాది బీరువాలో ఉంది చదువుకో అంటాను కదా. ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. అప్పుడు చెప్పేశాను. ఆఖరి పేజీ అంతా చెప్పాను, బయటివాళ్ళు అడిగిన ప్రశ్నతో సహా. నా జన్మలో ఆయన ఒక్కడికే చెప్పాను.

"ఇంతేనా" అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్న నర్సు సూది వేస్తుంటే, ఉన్నట్టుండి "మరి ఆ పిల్ల దిగిందంటావా" అన్నాడు.

"నువ్వే చెప్పు."

"దిగే ఉంటాది. తలుపు కాడ నిలబడిపోతే వెనకోళ్ళకి అడ్డం కాదేటి."

నాకు నవ్వాగలేదు. తాతా నేనూ ఒక వానాకాలం కొట్టుకుని పట్టుకోలేని సంగతి, పార్సిళ్ళు ఎత్తే మనిషికి వెంటనే తెలిసింది. రోజూ తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళని తిట్టి తిట్టి ఎక్కేవాడు మరి. ఆయన పోయాక చుట్టాలు వచ్చి, ఇక ఊరెళ్ళి ఓ మూల కూర్చో అన్నారు. ఏ ఊరు అని అడిగితే పలాస పక్కన ఆ పల్లె పేరే చెప్పారు. నేను ఆ మూలకీ వెళ్ళలేదు, తలుపు దగ్గరా నిలబడలేదు. గుఢియారీ బజారులో ఇడ్లీ బండి పెట్టుకున్నాను. వెనకాల నా పిల్ల ఉంది, దారి వదలాలి కదా.

పాతవాళ్ళు కొందరు పోయి, కొందరు రిటైరై వెళ్ళిపోయి, ఆ పుస్తకాల సంగతి తెలిసినదాన్ని ఇప్పుడు కాలనీలో నేనొక్కదాన్నే. సంఘం బీరువా తాళంచెవి నా కొంగుకి ఉంది. నేను మొత్తం మీద చదివింది అందులో ఒక్క పుస్తకం ఆఖరి భాగమే, అదీ వేలు పెట్టి. మిగతావి విన్నవే. అయినా ఏ పుస్తకం ఎవరికి ఇవ్వాలో నాకు తెలుసు. మొన్న గార్డు తాత మనవడు ఇడ్లీకి వచ్చాడు. ఇప్పుడు రైలింజను నడుపుతున్నాడు. చెవుల్లో వైర్లు, చేతిలో ఫోను. "ఇంకా ఆ పాత పుస్తకాలు ఎవులు చదువుతారత్తా, కబాడీకి ఇచ్చీ" అన్నాడు. నేను చట్నీ వడ్డించి, ప్లేటు తుడుస్తూ, నాలో నేను అనుకున్నట్టుగా అన్నాను.

"అన్నీ బాగున్నాయి గానీ, ఆ బండికి డ్రైవరే లేడు."

ఇడ్లీ ముక్క నోటి దాకా వెళ్ళి ఆగింది. చెవిలోంచి ఒక వైరు తీశాడు.

"ఏ బండికి?" అన్నాడు.